వైండింగ్ అన్నయ్యను వేదసాక్షిని చెయ్యకండి

ఫాదర్ గారికి, వదినకి, పిల్లలకి, మన చర్చి విచారణ పెద్దలకి, మా బజారువాళ్ళందరికీ నమస్కారం. అన్నయ్య జ్ఞాపకార్థం పెట్టిన ఈ సభకి ఆలస్యమైంది, క్షమించండి. పొద్దున్నుంచీ వైండింగ్ అన్నయ్య షాపు తెరిచి, ఆయన బాగుచేసి పెట్టిన ఫ్యాన్లూ మోటార్లూ ఎవరివి వాళ్ళకి అప్పగిస్తున్నాను. ఒకాయన తన ఫ్యాన్ని ముట్టుకోనన్నాడు. "ముందు శానిటైజర్ కొట్టి ఇవ్వు" అన్నాడు. కొట్టి ఇచ్చాను. రెక్క రెక్కకీ కొట్టి ఇచ్చాను. ఆ పెద్దమనిషి ఇప్పుడు ఈ హాల్లోనే తలొంచుకుని కూర్చున్నాడు. ఫ్యాన్ తిరుగుతుందిలే బాబాయ్, భయపడకు. ఆయన చేతిపని అది.

నేను బకెట్లూ తాళ్ళూ మేకులూ అమ్ముకునేవాణ్ణి. ప్రసంగాలు రావు. కానీ ఆయన షాపుకీ నా షాపుకీ మధ్య ఒకటే గోడ. అటు సుత్తి పడితే ఇటు నా తాళాలు గలగలమనేవి. అందుకని తెలిసింది చెప్తాను. తియ్యగా మాట్లాడాలని మాత్రం రాలేదు.

అన్నయ్య టీకా వేయించుకోలేదు. అది అందరికీ తెలుసు. ఎందుకో ఎంతమందికి తెలుసు? ఏళ్ళ క్రితం గర్భంలోనే తీసేసిన ఒక బిడ్డ కణాల నుంచి పెంచిన కణాలని ఆ మందు పరీక్షల్లో వాడారని విన్నాడు. ఫాదర్ గారు కూర్చోబెట్టి చెప్పారు: అది ఎక్కడో దూరపు సంబంధం, వేయించుకుంటే పాపం కాదు, అలాగని ఎవర్నీ బలవంతపెట్టకూడదు, వద్దనుకున్నవాళ్ళు మాత్రం ఇంకొకరికి జబ్బు అంటకుండా చూసుకోవాలి అని. అన్నయ్య అంతా విన్నాడు. "వేయించుకున్నవాళ్ళది తప్పని అనట్లేదు ఫాదర్. నేనే చెయ్యి చాచలేకపోతున్నాను" అన్నాడు.

నేను వేయించుకున్నాను. ఆయనతో రోజూ పోట్లాడాను. "నీకేమన్నా అయితే వదినకెవరు దిక్కు? నీ మనస్సాక్షిలో ఇంట్లోవాళ్ళకి వాటా లేదా?" అని గోడ అదిరేలా అరిచాను. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఏం చెయ్యను వదినా, నాకింకా పోలేదు.

అయితే ఆ తర్వాత ఆయనేం చేశాడు? ప్రతి ఆదివారం పూజ అవగానే, మంచం దిగలేని మన ముసలివాళ్ళకి సత్ప్రసాదం, ఆ పూజలోని అప్పం, తీసుకెళ్ళేది ఆయనే కదా. అది పెట్టుకెళ్ళే చిన్న డబ్బీని పట్టుకెళ్ళి ఫాదర్ గారి చేతిలో పెట్టేశాడు. ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు. "సూది వద్దనుకున్నది నేను. దాని బరువు మంచం మీదున్నవాళ్ళ మీద ఎలా పెడతాను?" అన్నాడు. వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

అక్కడితో ఆగాడా? మంచం మీదున్న పంతులమ్మ గారి మేడ కింద వీధిలో నిలబడి జపమాల చెప్పేవాడు. పైనుంచి ఆవిడ, "గట్టిగా చెప్పు నాయనా, దేవుడితో రహస్యాలేంటి నీకు" అనేది. ఈయన గొంతు పెంచేవాడు. కూరగాయల బండివాడు అరుపు ఆపి నిలబడేవాడు. వానొచ్చినా పైకి మాత్రం వెళ్ళలేదు.

మరి మనమేం చేశాం? ఫాదర్ గారు, "తెలిసినవాళ్ళని అడగండి, ప్రార్థన చెయ్యండి, ఎవరి మనస్సాక్షితో వాళ్ళు ఆలోచించుకుని నిర్ణయించుకోండి" అన్నారు. మనం తిన్నగా వైండింగ్ షాపుకెళ్ళాం. మోటారు రిపేరుకిచ్చినట్టు మన మనస్సాక్షిని ఆయన బల్ల మీద పెట్టి, "చూసి చెప్పు అన్నా" అన్నాం. వచ్చిన ప్రతివాడికీ ఆయన ఒకటే చెప్పాడు: "నా సంగతి నాది. నువ్వు డాక్టర్ని అడుగు, తర్వాత మోకాళ్ళూను." ఎవడు విన్నాడు? సూదికి భయపడ్డ ప్రతివాడూ ఇంటికెళ్ళి, "అన్నయ్య వద్దన్నాడు" అన్నాడు.

పాటల మాస్టారూ, ఇందాక మైకు ముందు ఏడ్చారు కదా, మీతోనే మాట్లాడుతున్నాను. లేవకండి, కూర్చోండి. ఆ డబ్బీ నేను తీసుకెళ్తానని మీరే అడిగి పుచ్చుకున్నారు. మీరూ టీకా వేయించుకోలేదని ఫాదర్ గారితో ఒక్క ముక్క చెప్పారా? మాస్కు గడ్డం కిందకి దించి, పంతులమ్మ గారి మంచం పక్కన కూర్చుని పాట కూడా పాడారు. దగ్గుతూ పాడారట, ఆవిడే చెప్పింది. ఆ తర్వాత ఆవిడకి పట్టుకున్న జబ్బు మీ దగ్గర్నుంచే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. కానీ ఈ రోజుకీ ఆవిడ ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకునే బతుకుతోంది.

వీధిలో ఏమన్నారు? "అంతా ఆ వైండింగోడి వల్లే" అన్నారు. వదిన పాలకెళ్తే వరస చెదిరిపోయింది. అన్నయ్య "నేను కాదు" అని ఒక్కసారీ అనలేదు. అనాల్సింది మీరు. పెళ్ళిళ్ళకీ సమాధులకీ లేచే మీ గొంతు అప్పుడేమైంది మాస్టారూ?

తర్వాత ఆయనకీ జబ్బొచ్చింది. ఎక్కణ్ణుంచో తెలీదు. టీకా ఉంటే బతికేవాడేమో. ఆ మాట ఆయనకీ తెలుసు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "నేను పోతే జబ్బుతో పోయాడని చెప్పు. ఇంకే పేరూ పెట్టనివ్వకు" అన్నాడు. మీరేమో ఇందాక 'వేదసాక్షి', విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు అన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. పైగా, ఆయన జ్ఞాపకార్థం ఆయన బాటలోనే నడుస్తూ డబ్బీ మళ్ళీ మీరే తీసుకెళ్తారట. ఆయన బాట వీధిలోనే ఆగింది మాస్టారూ. మెట్లెక్కలేదు.

ఫాదర్ గారూ, అందరి ముందూ అడుగుతున్నాను. ఆ డబ్బీ ఈయనకివ్వకండి. అలాగని టీకా వేయించుకున్న మేమూ తప్పించుకోలేం. ఆ ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే ఒకడికి షాపు, ఒకడికి మోకాలు నొప్పి, ఇంకొకడికి నిద్ర. అక్కడ మంచాల మీద వాళ్ళు ఆదివారం ఆదివారం తలుపు వైపే చూస్తున్నారు.

ఇక లేవండి. అందరూ లేచి నిలబడండి. జబ్బుతో పోయిన మా అన్నయ్య కోసం కాసేపు మాటల్లేకుండా ఉందాం. ఆ తర్వాత కూర్చోకండి, గుమ్మం వైపూ వెళ్ళకండి. ఆ ఇళ్ళకి ఎవరెవరు వెళ్తారో తేల్చుకోవాలి, మొదటివాణ్ణి నేనే. మిగతావాళ్ళు చెప్పండి, ఆదివారం నాతో ఎవరొస్తారు?