బడి మైదానంలో గరిక

నందివాడ దగ్గరి పల్లెలో, పిల్లలు తగ్గి మూతపడిన బడి. రిటైరైన డ్రిల్లు మాస్టారు మైదానంలో గరికకు నీళ్ళు పెడుతుంటే, గేదెను తోలుకొస్తున్న ఒకావిడ గేటు దగ్గర ఆగింది.

“మాస్టారూ, గేదెని కాసేపు లోపల మేపుకోనా అండీ?”

“ఇవాళ వద్దమ్మా. నేల తడిగా ఉంది. గేదె తొక్కితే మళ్ళీ గట్టిపడిపోతుంది.”

“గట్టిపడితే ఏమవుతుందండీ ఇప్పుడు?”

“నువ్వు ఇక్కడ చదివినప్పుడు ఈ నేల ఎలా ఉండేదో గుర్తుందా?”

“లేకేమండీ! ఎండాకాలం బీటలు, వానాకాలం బురద. కబడ్డీలో పడితే మోకాలు చీరుకుపోయేది. ఇదిగో, మచ్చ ఇంకా పోలేదు.”

“అందుకే రెండేళ్ళ కిందట గరిక నాటించాను. వేళ్ళు దిగాక బీటలు తగ్గాయి. వాన నీళ్ళు నిలవకుండా ఇంకిపోతున్నాయి. ఇక్కడ చెయ్యి పెట్టి చూడు.”

“అబ్బ, ఎంత గుల్లగా ఉందండీ! వానపాములు కూడా ఉన్నాయి.”

“ఇప్పుడు పిల్లలు పడినా దెబ్బ తగలదు.”

“పడేవాళ్ళేరండీ మాస్టారూ? మా పిల్ల కూడా బస్సెక్కి గుడివాడ వెళ్తోంది కదా.”

ఆయన పైపు కింద పెట్టేశారు.

“పొద్దుటి నుంచీ నన్ను పలకరించింది నువ్వొక్కదానివేనమ్మా.”

“అయ్యో, మాస్టారూ...”

“రేపటికి నేల ఆరుతుంది, గేదెని తోలుకురా. బస్సు దిగాక మీ అమ్మాయిని కూడా ఒకసారి పంపించు. గరిక అల్లుకునేసరికి బడి మూసేశారు. దీని మీద ఒక్క పిల్లయినా పరిగెత్తడం నేనింకా చూడలేదు.”