డిగ్రీ పాసైన గూడబాతులు

సర్వరు పనిచేయడం లేదని హర్షిణి చెప్పి అప్పటికి మూడు గంటలు దాటింది. వట్లూరు రోడ్డు మీద ఆ చిన్న నెట్ సెంటరులో పొద్దున ఎనిమిదింటి నుంచీ ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని అందరి పిల్లల దరఖాస్తులూ పెడుతోంది. ఏ డిగ్రీ కావాలో, ఏ కాలేజీ కావాలో వరసగా పెట్టి సాయంత్రం ఐదు లోపల లాక్ చేయాలి. లాక్ చేశాక మార్చడానికి లేదు.

పక్కనే కాంతం టీ కొట్టు. ఆ బెంచీ మీద పెద్దింటమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది. తెల్లవారకముందే కొల్లేటి లంకలో బయల్దేరి, పడవ దిగి, ఆటో ఎక్కి, బస్సు మారి, మనవరాలు సాయిదుర్గని వెంటబెట్టుకుని వచ్చింది. దారి పొడుగునా ఇద్దరికీ ఒకటే గొడవ. పిల్ల బి.ఎస్సీ. ఆక్వాకల్చర్ అంటుంది. మామ్మ కంప్యూటర్లు అంటుంది. బై.పి.సి. వాళ్ళకీ కంప్యూటర్ల డిగ్రీ ఇస్తున్నారని ఎవరో చెప్పారు.

"నలభై ఏళ్ళు చేపల చెరువు గట్ల మీద తిరిగి నా కాళ్ళు ఇలా అయ్యాయి. చదువుకుని నువ్వూ ఆ గట్టుకేనా? చల్లటి గదిలో కూర్చోవే తల్లీ."

"కూలికి కాదు మామ్మా, ల్యాబులో నీళ్ళ పరీక్షకి."

"ఏ నీళ్ళయినా ఆ నీళ్ళేగా!"

ఏలూరు వచ్చేసరికి ఇద్దరి నోళ్ళూ అలిసిపోయాయి. ఇప్పుడు చెరో కొసనా కూర్చున్నారు.

అంతలో హర్షిణి నాన్నగారు సుందరరామయ్య, కూతురికి అన్నం క్యారియర్ ఇచ్చి వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి. అందరి ముఖాలూ ఒకసారి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"మొదలెట్టారండీ," అంది కాంతం, గ్లాసులు కడుగుతూ.

"ఏ కోర్సయినా మంచిదేనండీ, పట్టుకునేవాళ్ళని బట్టి ఉంటుంది. నా సంగతే చూడండి. తొంభై ఆరు తుఫాను వచ్చిన ఏడు, జువాలజీ మేడమ్ గారు ప్రాక్టికల్స్‌కి కొల్లేటి వైపు చెరువు నీళ్ళు ఒక సీసాడు పట్టుకురమ్మన్నారు. తెచ్చాను. వెలుగులో పెట్టి ఒక్క చూపు చూసి, 'ఇందులో ఆక్సిజన్ లీటరుకి మూడు మిల్లీగ్రాములండీ' అన్నాను. ఆవిడ నవ్వి పరీక్ష చేశారు. ఎంతొచ్చిందో తెలుసా అండీ? మూడు!"

"అలవాటయితే చెప్పొచ్చేమోలెండి," అన్నాడు వెంకట్రాజు. కొడుకు దరఖాస్తు కోసం కామవరపుకోట నుంచి వచ్చిన పామాయిల్ రైతు.

పెద్దింటమ్మ కూడా తల ఊపింది. నీళ్ళ రంగు చూసి చేపకి నలతగా ఉందో లేదో ఆమే చెప్పగలదు.

"ఆ మాట ఉండి ఊరి దాకా పాకిపోయి, ఎనభై ఆరు చెరువుల వాళ్ళు నా మీద పడ్డారండీ. అన్ని సీసాలు ఎవరు మోస్తారు? ఆలోచిస్తూ కొల్లేటి గట్టు మీద నిలబడ్డాను. ఎదురుగా ఓ గూడబాతు. ముక్కు కింద ఇంత సంచీ! దేవుడు దానికి సీసా కట్టే పుట్టించాడు కదా అనిపించింది. వారం రోజులు తర్ఫీదిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున్నే ఎనభై ఆరు చెరువులూ తిరిగి, సంచీ నిండా నీళ్ళతో ల్యాబు కిటికీలో వాలేది."

"అన్నీ కలిసిపోవాండీ?" అన్నాడు వెంకట్రాజు.

"దాని సంచీలో గళ్ళుంటాయండీ, మనకి కనపడవు. కిటికీలో కూర్చుని రోజూ పాఠాలు వినేది. మగపిల్లలు సినిమాలకి పోయినా అది క్లాసు మానలేదు. ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి రోల్ నంబరు ఇచ్చేశారు. హాల్ టికెట్ దగ్గరే చిక్కొచ్చి పడింది. ఫొటోలో రెండు చెవులూ కనపడాలంటారు! చివరికి నేనే గజిటెడ్ ఆఫీసరు గారి కాళ్ళ మీద పడి, దానికి చెవులున్నాయని సంతకం పెట్టించాను. ఫస్టు క్లాసండీ!"

సాయిదుర్గ ముఖం తిప్పుకుంది, నవ్వు కనపడకుండా. పెద్దింటమ్మ చూసింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

"ఆ పైయేడు నలభై గూడబాతులు దిగాయి. అప్పుడీ ఆప్షన్లు ఎక్కడివండీ, ముక్కుతో ఏ ల్యాబు తలుపు కొడితే అదే కోర్సు. కెమిస్ట్రీ తీసుకున్నది మందుల కంపెనీలో ఉంది. మందు నాలిక్కి తగిలితే చాలు, పనికొస్తుందో రాదో చెప్పేస్తుంది. ఫిజిక్స్ తీసుకున్నది వాతావరణం ఆఫీసులో. తుఫాను కంట్లోకి వెళ్ళి గాలి ఎంతుందో కొలుచుకొచ్చి, తడిసిన రెక్కలు దులుపుకుని రిపోర్టు రాస్తుంది. లెక్కలు తీసుకున్నది బి.ఎడ్. చేసి టీచరైపోయింది. లంకలో బడి ఇచ్చారు. వరదొచ్చి దారి మునిగితే మిగతా టీచర్లకి సెలవు, దీనికి లేదు! బాటనీ తీసుకున్నది మీ కామవరపుకోటలోనే ఉందండీ, పామాయిల్ తోటలకి సలహాలిస్తుంది."

"నాకెప్పుడూ కనపళ్ళేదేమిటండీ?"

"మీరు పైకి చూస్తేగా!"

కాంతం కూడా నవ్వేసింది. పెద్దింటమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ముందుకి వంగింది.

"పంతులుగారూ, మరి కంప్యూటర్లు తీసుకున్నదో అండీ?"

సుందరరామయ్య ముఖం వెలిగింది. "దాని వైభోగం ఏం చెప్పమంటారమ్మా! హైదరాబాదులో పద్దెనిమిదో అంతస్తు. గది ఎంత చల్లనంటే, ఈకలు వణుకుతున్నాయని కంపెనీవాళ్ళే స్వెట్టరు అల్లించారు. కంప్యూటర్లో ఎక్కడ తప్పున్నా చేపని పట్టినట్టు చటుక్కున పట్టేస్తుంది. ఇప్పుడు ఆ కంపెనీకి అదే పెద్ద. ఎవర్ని తీసుకోవాలన్నా దాని మాటే. నా మాటంటే దానికి వేదం! ఒక్క ఫోను చేశానంటే చాలు, ఎవరికైనా ఉద్యోగం ఖాయం."

పెద్దింటమ్మ నెట్ సెంటరు కిటికీలోంచి లోపలికి చూసింది. హర్షిణి కళ్ళల్లో చుక్కల మందు వేసుకుని, తల వెనక్కి వాల్చి ఉంది. పక్కన క్యారియర్ మూత తియ్యలేదు.

"నువ్వేం చదివావమ్మా?"

"కంప్యూటర్లే మామ్మగారూ. ఫస్టు క్లాసు," అంది హర్షిణి, కళ్ళు తెరవకుండానే.

పెద్దింటమ్మ వెనక్కి తిరిగింది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి పంతులుగారూ, అమ్మాయిగారి కోసం ఆ గూడబాతుకి ఒక్క ఫోను చెయ్యలేకపోయారాండీ?"

కాంతం చేతిలో గ్లాసు ఆగిపోయింది. వెంకట్రాజు చెప్పుల వైపు చూసుకున్నాడు.

"అది... ఈ మధ్య సెలవులో ఉందమ్మా," అన్నారు సుందరరామయ్య. ఆ గొంతు వేరే మనిషిది.

హర్షిణి పకపకా నవ్వింది. నవ్వుతూనే మందు చుక్కలు తుడుచుకుంది. "ఊరుకోండి నాన్నా. మామ్మగారూ, రెండేళ్ళు హైదరాబాదులో ఆఫీసులన్నీ తిరిగాను. నా ఫైలు పట్టుకుని ఈయనా తిరిగారు. గేట్ల బయట ఎండలో కూర్చున్నప్పుడు, నేను ఏడవకుండా మొదలెట్టిన కథ ఇది. అప్పుడు ఒక్క గూడబాతే ఉండేది."

సుందరరామయ్య కండువాతో ముఖం తుడుచుకుని, అలాగే ముఖం మీదే ఉంచేసుకున్నారు.

"అయితే కంప్యూటర్లు వద్దంటావా తల్లీ?" అంది పెద్దింటమ్మ.

"నాకు అవంటే ఇష్టం మామ్మగారూ. మళ్ళీ చదవమన్నా అవే చదువుతాను. మీ అమ్మాయికి ఏది ఇష్టమో నాకేం తెలుసు?"

ఆ మాట అంటుండగానే తెర మీద పేజీ తెరుచుకుంది. హర్షిణి గబుక్కున సర్దుకుని కూర్చుంది. "వచ్చింది, వచ్చింది! మళ్ళీ పోతుంది, త్వరగా చెప్పండి. మొదటి ఆప్షన్ ఏం పెట్టను?"

సాయిదుర్గ మామ్మ వైపు చూసింది.

పెద్దింటమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "అది అడిగిందే పెట్టమ్మా. చెరువులది."

"మామ్మా..."

"గట్టు మీద కూర్చోబెడితే మాత్రం ఊరుకోను, చెబుతున్నా."

హర్షిణి వేళ్ళు టకటకా ఆడాయి. "మీ ఫోనుకి ఓటీపీ వచ్చింది మామ్మగారూ, చెప్పండి. అది కొట్టగానే లాకైపోతుంది."

సాయిదుర్గ ఫోను కోసం చెయ్యి చాపింది. పెద్దింటమ్మ ఇవ్వలేదు. కళ్ళకి దూరంగా పట్టుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి తనే చదివింది.

"నాలుగు... సున్నా... ఏడు... రెండు... రెండు..."

ఆగింది.

"ఆఖరిది?" అంది హర్షిణి.

పెద్దింటమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది.

"తొమ్మిది," అంది.