దుమ్ముకు బెల్లం ముక్క

“మామా, సోమారం నుంచి నేను పలుగురాళ్ల మిల్లులో సూపర్‌వైజరుగా దిగుతాండా. మీ కాలంలో ఆడ దుమ్ము ఆపనీకి ఏమీ లేకుండెనా?”

అబ్బ, ఎంత మంచి మాట అడిగితివి అల్లుడా! కూకో, ఇట్ల నీడకు రా. నన్ను ఒగరు ఒగ మాట అడిగి శానా దినాలాయ. మీ అమ్మ, మా అక్కే అనుకో, నేను నోరు తెరిస్తే సాలు ‘నీ పురాణం కట్టిపెట్టురా’ అంటాది.

యాల లేదు? ఉండె. అన్నీ ఉండె. అదే గదా సెప్పేది.

మన గట్టు కింద మిల్లు పెట్టినప్పుడు వానల్లేక సేన్లన్నీ బీడు. అందరమూ ఆడికే పడితిమి. నేను రాళ్లు పోసే తొట్టి కాడ, మీ నాయన పొడి బస్తాలు నింపే కాడ. మా బావ అంటే ఏమనుకుంటివి, నందికొట్కూరు సంతలో జొన్నల మూట భుజానేసుకొని పదాలు పాడుకుంటా నడిచేటోడు. మూట దించినా పాట ఆపకపాయ… సరే, అది వదిలెయ్. యాడుంటిమి? ఆ, తొట్టి. తొట్టి కాడ నీళ్లు చిమ్మే పైపు ఉండె. రాయి పగిలేటప్పుడు నీళ్లు పడితే దుమ్ము లేయదు. అందుకే సూడు, నేను ఇంగా ఇట్ల వాగుతాండా. మీ నాయన కాడ నీళ్లు పనికిరావు. పొడి తడిసిందంటే ముద్దకట్టి జల్లెడ పూడిపోతాది. అందుకని ఆడ పీల్చే గొట్టం పెట్టిరి, బస్తా మూతి పక్కనే, ఏనుగు తొండం మాదిరి. దుమ్ము లేస్తానే గుంజుకుంటాది.

దాన్ని మూసింది ఎవురనుకుంటివి? మిల్లు సావుకారి గాదప్పా. మనోళ్లే! బస్తా లెక్కన కూలి గదా. ఆ తొండం మంచి పొడి గూడ గుంజుతాది, బస్తా నిండేది ఆలస్యమైతాది అని గోనెసంచి కుక్కేసిరి. సావుకారి సూసె, ఏమీ అనకపాయ. ఆయప్పకి కరెంటు మిగులుతాది. ఆఫీసర్లు వచ్చే దినం మాత్రం గోనె పీకేది, గొట్టం నడిపేది, అందరమూ మూతికి గుడ్డ కట్టేది. పెండ్లిసూపులే అనుకో.

ఇంగ పని దిగేటప్పుడు తలా ఒగ బెల్లం ముక్క ఇస్తాండిరి. బెల్లం తింటే గొంతులో దుమ్ము కడుపులోకి జారిపోతాది, పొద్దున సెంబు పట్టుకొని పోతే అయిపాయ, అని. అప్పుడు బెల్లం అగ్గవ, కరెంటుకే ఖర్చు ఎక్కువ. ఒగ దినం బెల్లం రాకపోతే ఊడ్సే ఆడోళ్లు పొరకలు ఆడనే పారేసి కూకొనిరి, ‘మా పానాలంటే లెక్కలేదా నీకు’ అని. గొట్టానికి గోనె కుక్కిన దినం మాత్రం ఒగరూ ఏమనలే.

మీ నాయన ఆ బెల్లం గూడ తినలే. తువ్వాల కొసకు కట్టుకొని వస్తాండె. నువ్వు వాకిట్లో కాసుకొని ఉంటివి. బెల్లం మీద తెల్లగా పొడి ఉంటే, ఊది ఊది నీ నోట్లో పెడ్తాండె.

దగ్గు మొదులాయ. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉంటివి, నీకు సెప్పలే. మొదటి డాక్టరు ‘ఏం పని’ అంటే ‘కూలిపని సామీ’ అనె మీ నాయన. ఏం కూలి అని ఆయన అడగలే, ఈయన సెప్పలే. క్షయ అని మాత్రలు మింగిచ్చిరి. తగ్గలే. కడాకు కర్నూలు పెద్దాసుపత్రిలో ఒగ సిన్న డాక్టరమ్మ ఎక్స్‌రే ఎత్తి పట్టుకొని ‘రాళ్ల మిల్లులో చేసినావా పెద్దాయనా’ అనె. లోపలికి పోయిన రాతిపొడి ఇంగ బయటికి రాదంట. మందు లేదంట. పని మానినా అది తన పని మానదంట. ‘బెల్లం ఇచ్చిరి గదమ్మా’ అంటి నేను. ఆయమ్మ నవ్వలే. ‘అన్నం దిగే దావ వేరు, గాలి దిగే దావ వేరు’ అనె.

పోవద్దు అని సెప్పల్లనే ఉండాది. సెప్పి నీకేం పెట్టల్ల? బోరు ఎండిపాయ.

నువ్వు గోనె పీకుతా అంటాండావు, నిజమే. మొదటి దినమే మనోళ్లు నీ మీదికొస్తారు, ‘మద్దిలేటి కొడుకు మా కూలి కొడ్తాండాడు’ అని. సాయంత్రం సావుకారి పిల్సి ‘బస్తాలు యాడప్పా’ అంటాడు. బస్తా లెక్క తీసేసి దినకూలి ఇయ్యి, అప్పుడు గోనె ఎవురూ కుక్కరు, అని సెప్పు. మేం సెప్పలేదనుకుంటివా? సెప్పినోళ్లు మల్ల గేటు లోపల కనపడలే. అప్పుడు ఏం చేస్తావు? ఊ?… అప్పుడే లేస్తాండావా? నేనైనా అంతే.

సరే, లెయ్యి నాయనా. సల్లగుండు. నీ బిడ్డలూ సల్లగుండల్ల. ఇంట్లోకి పోయేటప్పుడు తలుపు మెల్లగ తియ్యి, మీ నాయన్ని లేపాకు. ఇప్పుడే కునుకు పట్టింది, గోడకి ఆనుకొని, కూకొనే… పండుకుంటే ఊపిరి ఆడదు గదా…