నెమలికంఠం రంగు

విశాఖపట్నం హార్బరు దగ్గర ధర్మవరం టూరు బస్సు జనమంతా ఓడల ముందు ఫోటోలు దిగుతున్నారు. పట్టుచీరలు నేసే ఒకాయనా, ఆయన భార్యా మాత్రం బెంచీ వదల్లేదు.

“సముద్రం ఏం రంగుండాది మే?”

“నాకు రంగులు నేర్పినోడివి, నన్నడగతాండావా? నెమలికంఠం. ఒడ్డుకాడ తెల్ల అంచు.”

“అయితే నీ చీరకు సరిగ్గా కలిసింది.”

“నేను కట్టుకున్నేది పసుపుది.”

“పొద్దున నెమలికంఠం కట్టుకుంటానంటివి గదా?”

“మనసు మారి పసుపుది కట్టుకుంటి. నీ ముందరే.”

ఆయన ఆమె కొంగును వేళ్లతో తడిమాడు.

“ఎన్నాళ్లనుంచి కనపడ్లేదు నీకు?”

“ఉగాదినుంచి. ఇంక బాగయ్యేది లేదన్నాడు డాక్టరు.”

“మొన్నటిదాంకా నేస్తివి గదా.”

“రంగుదారం కండెలు నువ్వే వరసగా పెడతాంటివి. చేతులకు దావ తెలుసు.”

“మరి ఈడికెందుకొచ్చినావు?”

“సముద్రం చూసినాక చూపు పోతే పోనీలే అనుకుంటి. అది నాకంటే తొందరపడింది.”

“బస్సోళ్లు పిలుస్తాండారు. లెయ్, నా చెయ్యి పట్టుకో.”

“అందరూ చూస్తారు.”

“చూడనీ. ఈ వయసులో సరసమనుకుంటారు.”

“ఊరికి పోయినాక మగ్గం మీద ఎవురు కూచుంటారు మే?”

ఆమె వంగి ఆయన చెప్పులు కాళ్ల ముందు పెట్టింది.

“మే, ఉండావా?”

“ఉండా.”