ఎనిమిదిలో దించిన కాలు

ఉద్దానంలో ఒక జీడితోట. ఇసుక నేల మీద గీసిన ఎనిమిది అంకె వెంబడి పెళ్లాం స్కూటీ తిప్పుతోంది. మొగుడు చెట్టుకు చేరగిలబడి చూస్తున్నాడు. ఆవిడ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది, రేపు మూడోసారి.

“ఏటే, ఇక్కడ ఇంత సక్కగా తిప్పుతన్నావు. ఇన్‌స్పెక్టరు ముందర కాలెందుకు దించేత్తన్నావు? అష్టమి నాడు పుట్టినావేటి, ఎనిమిదంటే పడదు?”

“కిడ్నీలు పోయినా కిట్టని మాటలు పోనేదు మావా నీకు.”

“మాట తిప్పకు, బండి తిప్పు. కావాలనే దించీసినావు కదూ?”

ఆమె బండి ఆపింది.

“అవును. లైసెన్సు నాకొస్తే డయాలసిస్‌కి పలాస నానే తీసుకెల్లాల. నువ్వు ఎనక్కూకుంటావు.”

“కూకుంటే ఏటైపోద్ది?”

“ఇదే జబ్బుతో మీ అన్న బండి తాళం కొడుక్కిచ్చినాక మరి మంచం దిగనేదు మావా.”

“మొన్న పలాస నుంచి బండి మీద తిరిగొస్తన్నప్పుడు నాకు రోడ్డు రెండుగా కనపడ్డాది. ఏది అసలుదో తెలీక రెండిటికీ నడిమజ్జన పోనిచ్చీసినాను. నువ్వు ఎనకాల కూకుని జీడిపిక్కల కబుర్లు సెప్తన్నావు. నీకు సెప్పనేదు.”

ఆమె సీటు మీద ముందుకు జరిగింది.

“ఎనకాల ఎక్కు మావా. మనిషిని కూకోబెట్టుకుని తిప్పడం నాకింకా రాదు.”