జత దొరకని కణం

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, ఆ సంగతి ఈ టీ కొట్టంతటికీ తెలుసు. అమ్మాయ్, నువ్వు మా ల్యాబుకి కొత్త కాబట్టి చెబుతున్నా, విను. ప్లాస్మా అనే మండే వాయువు ఎలా చల్లారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమే కదా మన పని. కణాల్ని గళ్ళలో పోసి, రెండేసి చొప్పున జతకట్టి ఢీకొట్టిస్తాం. ఢీకొంటే వేడి పంచుకుని అన్నీ సర్దుకోవాలి. నా ప్లాస్మా సర్దుకోదే! మా పెద్దసారు చేతులెత్తేశాడు. నేను మాత్రం కంప్యూటర్ ఫ్యాను చప్పుడు విని చెప్పేశా, లోపల ఎవరో ఒంటరిగా తిరుగుతున్నారని.

"ఫ్యాను చప్పుడు వినా, కోతల సారూ?" అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

నవ్వకు. గడిలో కణాలు బేసిగా ఉన్నాయనుకో, చివర్ది మిగిలిపోతుంది. పేకముక్కల్లా కలపకుండా వరసగా జతకట్టుకుంటూ పోతే ప్రతిసారీ అదే మిగులుతుంది. దాన్ని పలకరించే దిక్కు లేదు. ఆ ఉక్రోషంతో అదేం చేసిందో తెలుసా? వేగం పెంచింది. ముందు నా బల్ల వెచ్చబడింది, తర్వాత కిటికీకి ఆరేసిన తడి చొక్కా కళ్ళముందే ఆరిపోయింది, ఆపైన నాలుగో అంతస్తులో ఉన్న నా గది ఉబ్బి ఐదో అంతస్తుకెక్కింది, కావాలంటే లిఫ్టు నడిపేవాణ్ణి అడుగు.

"ఆ లిఫ్టు నడిపేవాడంటూ ఎవరూ లేరుగా," అన్నాడు టీ కొట్టాయన.

ఉండేవాడు, ఆ వేడికే మానేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది తెరలోంచి బయటికొచ్చి నా ఎదుటి కుర్చీలో కూచుంది. ఆదివారాలు ఇంటికి కూడా వస్తుంది. ఇంట్లో నాకెవరూ లేరని దానికెవరు చెప్పారో మరి, నేను తినేదాకా కదలదు. ఇవాళ్టికీ దాన్ని అదుపులో పెట్టేది నేనొక్కణ్ణే. అందుకే కదా, దాని సంగతి అడగడానికి రోజూ మీరంతా నా గదికి పరిగెత్తుకొస్తారు.

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"సార్, పొద్దున నేను వరసని పేకముక్కల్లా కలిపేశాను. మిగిలినదాన్ని ఒక జతలో మూడోదిగా చేర్చాను. మధ్యాహ్నానికల్లా అంతా సర్దుకుంది."

టీ కొట్టాయన పకపకా నవ్వాడు. కోతల సారు మాత్రం నవ్వలేదు. చల్లారిన టీ వంక చూస్తూ, "అయితే రేపట్నుంచి నా గదికెవరూ రారన్నమాట," అన్నాడు.

అమ్మాయీ, ల్యాబులో ఆమె పక్కసీటు ఆవిడా కలిసే తింటారు. రేపు భోజనానికి తమ దగ్గరికి రమ్మంది.

"రేపా? నాకసలు తీరికుండదమ్మాయ్," అన్నాడాయన. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, "ఎన్నింటికి?" అని అడిగాడు.