తిప్పక్క అడిగిన మల్లెపూలు

తిప్పక్క కొడుకు చచ్చిపోయినాడు. కత ఆడ్నుంచే మొదలు, దానికి ముందర చెప్పుకునేంత సంబరం ఏం లేదనుకో. గొర్లు కాసుకునే ఇల్లు, తొలిచూలు బిడ్డ, అప్పుడప్పుడే బోర్లా పడతాండె. జరమొచ్చి పొద్దుగూకే లోపల పోయె. పూడ్చిపెట్టి వచ్చినారు సరే, పాలు యాడికి పోతాయి? బిడ్డ పోయినాడని వాటికెవురు చెప్పినారు? లేస్తానే రవిక తడిసిపోయేదంట. వాళ్ళత్త హనుమక్క ఏమనిందంటే, మల్లెపూలు తెప్పిస్తాను, రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టుకో, పాలు ఎండిపోతాయి, మన పక్క బిడ్డ పోయిన ప్రతి ఆడదీ చేసేదే అనింది. తిప్పక్క వద్దనె. ఎందుకంటే ఏమని చెప్తాది పాపం. ఉయ్యాల చీర విప్పేసిరి, బిడ్డ గుడ్డలు పంచేసిరి, ఒక్క బొంత మాత్రం పెట్టె అడుగున దాచుకునింది. ఇంగ ఆ పిల్లోనిది అని మిగిలింది ఆ పాలే గదా. అవీ ఎండిపోతే వాడు నిజంగా పోయినట్లే అనుకునింది. పాలు వాటంతట అవే ఆగిపోయినాయని అత్తకి అబద్ధం చెప్పి, గొర్లదొడ్డి ఎనక గోడకాడ కూచోని మన్నులోకి పిండుకునేదంట. ఊరికే పిండితే రావు. చంక కాడ్నుంచి మొనదాకా అరచేత్తో నిమురుకుంటా రావల్ల, గడ్డ తగిలిన చోట వేళ్ళు పెట్టి మెల్లగా తిప్పల్ల, అప్పుడు పాలు చేపుకొస్తాయి. ఈ పని నేర్పింది ఎవురనుకున్నారు? ఆ అత్తే. తిప్పక్కకి కానుపైన కొత్తలో పాలు పడకపోతే హనుమక్కే ముందర కూచోబెట్టుకొని ఒత్తి తెప్పించింది.

ఇట్ల ఉండంగా ఏమైందంటే, చిన్నకోడలు మాదేవి నీళ్ళాడె. ఆ పిల్లకి తల్లి లేదు. దాన్ని కని, కళ్ళతో సరిగ్గా చూసుకోకనే పోయిందంట ఆ తల్లి. తొలికానుపు పుట్టింట్లో కావల్సింది, పుట్టింట్లో ఎవురుండారు, అందుకని అత్తగారింట్లోనే కనింది. ఆడబిడ్డ. కనింది బాగనే గానీ, పాలు పడే దినం వచ్చేతలికి రొమ్ములు రాళ్ళయిపోయినాయి. ముట్టుకుంటే కేక. బిగుసుకుపోయిన రొమ్ము బిడ్డ నోటికి యాడ అందుతాది? ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు పీలగా అయిపోయె. హనుమక్క చెయ్యి చూస్తే ఈ నడుమ కీళ్ళవాతం ముదిరి వేళ్ళన్నీ వంకర్లు తిరిగుండె, గిన్నె కూడా పట్టలేదు. పెద్దకోడల్ని పిలిచి, నేను నీకెట్ల చేసినానో దీనికి అట్లనే చెయ్యమ్మా అనింది. తిప్పక్క వచ్చి, ముందు ఆ ఏడ్చే బిడ్డను పక్కకి పెడదామని చేతుల్లోకి తీసుకునింది. అంతే. బిడ్డ ఏడుపు చెవిన పడతానే చేపు వచ్చె, రవిక ముందంతా తడిసె. అత్త చూసె. ఎండిపోయినాయంటివే అని ఒక్క మాట అనలేదంట ఆ ముసల్ది. దాని తల్లికి పడేదాకా నువ్వే ఇయ్యి, అంతవరకే, అనింది.

అంతవరకే అంటే అయిపోతాదా? మీలో బిడ్డల తల్లులుండారు, ఆ నోరు వచ్చి రొమ్ము పట్టుకునేది ఎట్లుంటాదో నేను చెప్పేదేముంది. తిప్పక్క పెట్టె అడుగునుండే బొంత తీసి ఈ బిడ్డకి చుట్టె. పాప తాగి తాగి కండ పడతాండాది. మాదేవికేమో ఒత్తేది ఒత్తుతానే ఉండె, కాదనను. ఆముదం పూస్తాది, పైపైన నిమురుతాది. చంక కింద గడ్డ ఉండాది, అది చేతికి తగుల్తానే ఉండాది, తగిలినా దాటుకొని పోతాది. చేతులు ఆడతాండాయి గానీ పని జరగడంలేదు. గడ్డ కరిగెనా అని అత్త అడిగితే, కరుగుతాండాది అనేది. మీరు తిట్టుకుంటారేమో, తిట్టుకోండి. ఈ కత చెప్పిన ప్రతిసారీ నేనూ ఆడ తిట్టుకుంటాను, మళ్ళ తిట్టలేక ఊరుకుంటాను.

అది గొర్లు ఈనే కాలం. తిప్పక్క మొగుడు బీరప్ప దొడ్డికాడ ఉండె, తమ్ముడు, అదే మాదేవి మొగుడు, మందతో కొండల్లో ఉండె. దొడ్లో ఒక గొర్రెకి పిల్ల చచ్చె, ఇంకో పిల్లకి తల్లి చచ్చె. గొర్లోళ్ళు అప్పుడేం చేస్తారంటే, చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని పిల్లకి చొక్కా తొడిగినట్ల కట్టేస్తారు. బీరప్ప అట్లనే కట్టి విడిచె. గొర్రె వాసన చూసె, ఒక అరుపు అరిచె, కాళ్ళు ఎడం చేసి నిలబడె. పిల్ల తోకాడించుకుంటా తాగె. తిప్పక్క పాపను చంకనేసుకొని అది చూస్తా నిలబడిపోయిందంట. అరుగు మీదుండిన హనుమక్క గొర్రెను చూడడంలేదు, పాపకి చుట్టిన బొంతను చూస్తాండాది.

"ఏమ్మే తిప్పక్కా," అనింది, "తోలు కప్పితే గొర్రె నమ్ముతాది. అది నోరు లేని జీవం. నువ్వెట్ల నమ్మితివే?"

తిప్పక్క లోపలికి పోయె. లోపల మాదేవి జరంతో కాలిపోతాండాది. రొమ్ము ఎర్రగా కమిలి, ఆ పక్క చెయ్యి ఎత్తలేకుండా ఉండాది. తిప్పక్కను చూసి ఆ పిల్ల నగేదానికి చూసి, మెల్లగా అనిందంట, "అక్కా, ఇంగ వద్దులే. నీకు చేతులు నొప్పి. మా యమ్మ నాకు పాలియ్యకనే పాయె, నేనూ అంతే. పాపను నువ్వే పెట్టుకో. నీకాడైతే బతుకుతాది."

ఇన్నాళ్ళూ ఏం కావాలని గడ్డ మీంచి చేతులు దాటించుకుంటా వచ్చిందో, అది అడక్కుండానే ఒళ్ళోకి వచ్చి పడె. పట్టుకోవచ్చు గదా? పట్టుకోలేకపోయింది తిప్పక్క. పాపను కింద పడుకోబెట్టి పొయ్యి మీద నీళ్ళు పెట్టె. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టె. ఆముదం గోరువెచ్చగా చేసి అరచేతులకి పూసుకొని, చంక కింద గడ్డ మీద, అదే, రోజూ దాటిపోయిన గడ్డ మీద వేళ్ళు పెట్టె. మాదేవి కేకబెట్టె. ఓర్చుకోవే నా తల్లీ అంటా, గుండ్రంగా తిప్పుతా, మొన పక్కకి దించుతా, మళ్ళ కాపడం పెడతా, మళ్ళ చంక కాడ్నుంచి మొదలు. అత్త గడపలో కూలబడి, గట్టిగా నలపాకు, కరగనీ, దాన్ని కరగనీ, అని చెప్తానే ఉండె. చానాసేపటికి మొన మీద ఒక బొట్టు నిలిచె, పచ్చగా, చిక్కగా. ఆమీట ఇంకో బొట్టు, ఆమీట దారం పోసినట్ల పాలు. మాదేవి నగె. తిప్పక్క నగలేదు.

అయితే పాప తాగాల గదా. తల్లి రొమ్ముకాడ పెడితే మొగం తిప్పుకొని తిప్పక్క పక్కకే నోరు తెరిచి ఏడుస్తాండాది. దానికి తెలిసిన వాసన ఇది. పాత తల్లి వాసన తగుల్తాంటే పిల్ల కొత్త తల్లికాడ తాగదని గొర్లోళ్ళ ఇంట్లో ఒకరు చెప్పల్సిన పన్లేదు. తిప్పక్క బొంత విప్పె, మాదేవి పాతచీర పేలిక చుట్టె, పాపను తల్లి ఒళ్ళో పెట్టె. బొంత చంకలో పెట్టుకొని, నేను కొండకి వస్తాను, మీ తమ్ముణ్ణి ఇంటికి పంపిద్దాం అని మొగుడితో అనె. బీరప్పకి ఏం అర్థమయిందో ఏమో, సరే పదమన్నాడు. వాగు దాటేదాకా పాప ఏడుపు వినబడతానే ఉండెనంట, వినబడిన కొద్దీ రవిక తడుస్తానే ఉండె. తెల్లారేతలికి పాప తల్లికాడ తాగిందని తర్వాత ఎవురో వచ్చి చెప్పిరి. మంచిదాయె అనింది తిప్పక్క.

కొండ మీద ఇంగ ఆమె పిండుకోలేదు. ఇప్పుడు ఆమె రొమ్ములు రాళ్ళాయె. ఒకరికి కరిగించిన చేతులు ఉండాయి, కరిగించుకునే మనసు లేదు. బీరప్ప సంతకి పోతా, ఏమన్నా తెచ్చేదా అని అడిగె. బిడ్డ పోయినప్పట్నించీ ఆమె ఏదీ అడిగింది లేదు. ఆ పొద్దు అడిగె, మల్లెపూలు తే, కట్టినవి వద్దు, విడిపూలు, ఎక్కువ తే అని. బీరప్ప మొగం ఎలిగిపోయిందనుకో. పెండ్లాం మళ్ళ మనుషుల్లో పడిందని సంతలో కనపడినోనికంతా చెప్పుకునె. తడిగుడ్డలో మూటగట్టి తెచ్చె. తిప్పక్క మూట తీసుకొని ఒక బండ చాటుకి పోయె, తిరిగొచ్చె. జడలో పూలు లేవు. ఏవి, పెట్టుకోలేదా అన్నాడు. పెట్టుకుంటి అనింది.

మళ్ళ బిడ్డ పుట్టెనా అని అడుగుతారు మీరు, ఎప్పుడూ అడుగుతారు. పుట్టలేదు. ఆ పాప పెద్దదయ్యె, పెద్దమ్మా అని పిలుస్తాది, పెద్దమ్మకి మల్లెపూలంటే ప్రాణమని పెదనాయన చెప్పినాడని ప్రతి ఎండాకాలం దోసిలి నిండా తెచ్చిస్తాది. తిప్పక్క తీసుకుంటాది, వద్దనదు. బీరప్పేమో ముసలోడయి మంచం పట్టినా అదే మాట చెప్పుకుంటాడంట, సంత సంతంతా తిరిగి పెండ్లానికి పూలు తెచ్చిన మొగుణ్ణి ఈ పక్కల నేనొక్కణ్ణే అని. అవి దేనికని ఎవురూ ఆయప్పకి చెప్పలేదు. మీరూ చెప్పాకండి.